ఒక మనిషికి ఒకేచోట ఓటు



మనలో అనేకులకు రెండు ఊళ్లు కలవు. బ్రతుకుతెరువు ఒకచోట, తాతల నాటి ఇల్లు మరియొకచోట. అందుచేత కొందరి పేర్లు రెండు ఓటర్ల జాబితాలలోను ఉన్నవి. “పార్లమెంటు ఓటు ఇక్కడ, అసెంబ్లీ ఓటు ఊళ్లో” అని చెప్పువారును కలరు. ఇది సరియేనా?

1. చట్టము చెప్పునది

1950 ప్రజాప్రాతినిధ్య చట్టము 17వ సెక్షను ప్రకారము ఎవరి పేరైనను ఒకటికంటె ఎక్కువ నియోజకవర్గములలో ఉండరాదు. 18వ సెక్షను ప్రకారము ఒకే నియోజకవర్గములో రెండుమార్లు ఉండరాదు. మన రాష్ట్రములలో పార్లమెంటుకు వేరే జాబితా లేదు. అసెంబ్లీ జాబితాలు కలిసియే పార్లమెంటు జాబితా అగును. గనుక పై మాట సరికాదు.

2. ఏ ఊరిలో ఉండవలెను?

మనము సాధారణముగా నివసించు ఊరిలోనే. స్వగ్రామములో ఇల్లున్నంత మాత్రమున అక్కడి నివాసి కాడని 20వ సెక్షను చెప్పుచున్నది. కొద్దికాలము ఊరు విడిచి వెళ్లినంత మాత్రమున నివాసము పోదు.

3. రెండుచోట్ల ఓటు వేసినచో?

యానాం పుదుచ్చేరి పార్లమెంటు నియోజకవర్గములోనిది. 2024లో అక్కడ ఏప్రిల్ 19న, చుట్టునున్న ఆంధ్రప్రదేశ్‌లో మే 13న పోలింగు జరిగెను. తేదీలు వేరైనప్పుడే శోధన కలుగును. అయితే ఒకే సార్వత్రిక ఎన్నికలో రెండు నియోజకవర్గములలో ఓటు వేసినచో, 1951 చట్టము 62వ సెక్షను ప్రకారము ఆ రెండును చెల్లవు. నమోదు కొరకు తెలిసి అబద్ధము వ్రాసియిచ్చినవారికి 1950 చట్టము 31వ సెక్షను క్రింద ఏడాది వరకు జైలు, లేక జరిమానా, లేక రెండును విధింపవచ్చును.

4. సరిచేసికొను విధము

ఫారం 6 మొదటిసారి నమోదగువారికి మాత్రమే. తన పేరు మరెక్కడను లేదని అందులో సంతకము చేయవలెను. ఊళ్లో పేరుండగా దీనిని నింపుట అబద్ధమునకు సంతకము చేయుటయే. నివాసము మారినవారు ఫారం 8 ఇయ్యవలెను. ఇప్పటికే రెండుచోట్ల పేరున్నవారు, నివసించుచోట పేరున్నదని ముందుగా చూచుకొని, రెండవచోటి పేరును ఫారం 7 ద్వారా తీసివేయించుకొనవలెను. సందేహములకు 1950 నంబరుకు ఫోను చేయవచ్చును.

5. ఒక జాగ్రత్త

మన సంఘములలో ఏసురత్నములు, మరియమ్మలు అనేకులు. పేరు ఒకటైనంత మాత్రమున మనిషి ఒకరే కాదు. తండ్రి లేక భర్త పేరు, వయస్సు, ఫోటో చూడక ఇతరుల పేరుపై అభ్యంతరము పెట్టరాదు. నిజమైన ఓటరు హక్కు పోవును. నివాసి కాడని పేరు తొలగించుటకు ముందు, అతడు చెప్పుకొనుటకు అవకాశమియ్యవలెనని 22వ సెక్షను చెప్పుచున్నది. నోటీసు వచ్చినయెడల ఊరకుండక కాగితములతో వెళ్లి జవాబు చెప్పుడి.

చర్చించుటకు ప్రశ్నలు

1. మీ ఇంటిలో ఎవరి పేరైనను రెండుచోట్ల ఉన్నదా?
2. ఫారం 6, 7, 8లలో ఏది ఎవరికి?
3. ఒకే పేరుగల ఇద్దరిని ఎట్లు గుర్తింపవలెను?