దలాలీ మాట ముందే ఆడుకోవాలి

సూరత్‌లో దలాలీ అంటే ఎవరూ చిన్నచూపు చూడరు. మహీధర్‌పురా వజ్రాల బజారులో లక్షలు విలువ చేసే రాళ్లు చిన్న కాగితం పొట్లాల్లో చేతులు మారేది దలాలుల మీది నమ్మకంతోనే. రింగ్‌రోడ్డు బట్టల మార్కెట్లలోనూ అంతే. బేరం మొదలవగానే ‘దలాలీ కేట్లీ?’ (దలాలీ ఎంత?) అని అడిగితే ఎవరూ నొచ్చుకోరు.

తెలంగాణ జిల్లాల నుంచి వలస వెళ్లి లింబాయత్, ఉధనా, పర్వత్ పాటియా ప్రాంతాల్లో స్థిరపడ్డ మన పద్మశాలీ కుటుంబాలు ఆ ఊరి వ్యాపారం పక్కనే పెరిగాయి. మీటరు గుడ్డ మజూరీలో పైసలు తగ్గినా సేఠ్‌ని నిలదీసే మనిషి, ఫ్లాటు అమ్మేటప్పుడు మాత్రం ఏజెంటు ముందు నోరు విప్పడు. కారణం తెలిసిందే. ఆ ఏజెంటు సాధారణంగా మనవాడే అయి ఉంటాడు. మన జిల్లావాడు, మార్కండేయ స్వామి గుడి దగ్గర కలిసేవాడు, పిల్లల పెళ్లిళ్లకు వచ్చేవాడు. ‘మన మధ్య లెక్కలేంటన్నా, తర్వాత చూసుకుందాం’ అంటాడు. మనమూ సరేనంటాం.

ఆ ‘తర్వాత’ దస్తావేజు రాసే రోజున వస్తుంది. కొనేవాళ్లు ఎదురుగా ఉంటారు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో మన వంతు దగ్గర పడుతుంటుంది. అప్పుడు ఏజెంటు రెండు శాతం అంటే కాదనే ధైర్యం ఎవరికుంటుంది? ఇచ్చేస్తాం. ఆ తర్వాత ఏళ్ల తరబడి అతని పేరెత్తితే చాలు, మనసు చేదవుతుంది. మొహమాటం స్నేహాన్ని కాపాడుతుందని చాలామంది అనుకుంటారు. డబ్బు విషయంలో దాని వల్ల స్నేహాలు పోవడమే ఎక్కువ. అందుకే మనవాడైతే మరింత ముందుగా అడగాలంటాను.

అడగడానికి పెద్ద మాటలు అక్కర్లేదు. ‘అన్నా, నువ్వు మనోడివి. రేపు మాట రావద్దని ముందే అడుగుతున్న. దలాలీ ఎంత, అందులో ఏమేం పనులు చూస్తవ్?’ ఇంతే. ఇలా అడిగాక ఆగాలి. అతను అంకె చెప్పాక కూడా వెంటనే ‘సరే’ అనో, ‘ఎక్కువ’ అనో అనకుండా కాసేపు మౌనంగా ఉండగలిగితే మంచిది. ఆ నిశ్శబ్దాన్ని భరించలేక మనమే తొందరపడి ఒప్పేసుకుంటాం. బేరమాడే నేర్పులో సగం, నా దృష్టిలో, ఆ కొద్ది క్షణాల ఓపికే.

ఎంత ఇవ్వాలన్నది స్థిరాస్తి వ్యాపారాన్ని నియంత్రించే రెరా చట్టం ఎక్కడా నిర్ణయించలేదు. ఒక శాతమన్నది వాడుక మాత్రమే, కాబట్టి మాట్లాడుకోవచ్చు. అయితే శాతం తగ్గించడం ఒక్కటే గెలుపనుకుంటే పొరపాటు. నలభై లక్షల ఫ్లాటు మీద ఒక శాతం నుంచి ముప్పావు శాతానికి దించితే మనకు మిగిలేది 10,000. అదే ఏజెంటు ‘ఇంతకంటే రాదు, ఇచ్చెయ్యండి’ అని ధర లక్ష తగ్గిస్తే అతనికి పోయేది వెయ్యి రూపాయలు, మనకు పోయేది 99,000. త్వరగా అమ్మించెయ్యాలన్న తొందర అతనికి ఎందుకుంటుందో ఇక్కడే తెలుస్తుంది. ఇందులో అతని చెడ్డతనమేమీ లేదు, లెక్క అలా ఉంది. అమెరికాలో లెవిట్, సివర్సన్ అనే ఆర్థికవేత్తలు షికాగో పరిసరాల ఇళ్ల అమ్మకాలను పరిశీలించి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, ఏజెంట్లు తమ సొంత ఇళ్లను ఖాతాదారుల ఇళ్లకంటే సుమారు 3.7 శాతం ఎక్కువ ధరకు అమ్ముకున్నారని, అందుకోసం మరో తొమ్మిది రోజులకు పైగా ఆగారని తేలింది.

కాబట్టి అతని లాభం మన లాభంతో కలిసేలా అడగడం మేలు. ‘ముప్పై ఎనిమిది లక్షల దాకా ఒక శాతం. ఆ పైన తెచ్చిన ప్రతి రూపాయిలో పది శాతం నీదే.’ నలభైకి అమ్మితే అతనికి 58,000 వస్తుంది. మామూలు దలాలీ కంటే 18,000 ఎక్కువే. కానీ చివరి రెండు లక్షల కోసం అతను నిజంగా కష్టపడతాడు.

వద్దనాల్సిన పద్ధతి ఒకటుంది. ‘మీ చేతికి ఇంత ఇస్తా, పైన వచ్చింది నాది’ అనే బేరం. వినడానికి హాయిగానే ఉంటుంది, కానీ ఇల్లు ఎంతకు పోయిందో అమ్మినవాడికే తెలియదు. యజమానికి చెప్పకుండా ఏజెంటు సొంత లాభం చూసుకుంటే దాన్ని అడిగే హక్కు యజమానికి 1872 నాటి కాంట్రాక్టు చట్టమే ఇచ్చింది. ప్రత్యేక ఒప్పందం లేకపోతే పని పూర్తయ్యే దాకా ఏజెంటుకు ప్రతిఫలం బాకీ పడదనీ అదే చట్టం చెబుతుంది.

బేరానికి ముందు పనేమిటో తెలుసుకుంటే గౌరవంగా మాట్లాడగలం. సొసైటీ ఎన్‌ఓసీ, కార్పొరేషన్ ఇంటిపన్ను రసీదులు, కరెంటు కనెక్షన్ పేరు మార్పు, ఇవన్నీ ఎవరు తిరిగి చేయించాలి? సూరత్‌లోని కొన్ని ప్రాంతాలు గుజరాత్ 1991 నాటి ‘అశాంత ప్రాంతాల’ చట్టం కిందికి వస్తాయి. అక్కడ ఇల్లు చేతులు మారాలంటే ముందుగా కలెక్టర్ అనుమతి కావాలి. ఆ ఫైలు వెంట తిరగడం చిన్న పని కాదు. ఆ బాధ్యత తీసుకునే ఏజెంటు ఒక శాతానికి రూపాయి తగ్గనంటే నేను సంతోషంగా ఒప్పుకుంటాను. కేవలం ఫోన్‌లో ఫొటోలు పంపి తాళంచెవి తిప్పేవాడికి అదే శాతం ఎందుకివ్వాలని అడగడంలో తప్పులేదు.

కుదిరిన మాటను ఒక కాగితం మీద, కనీసం వాట్సాప్‌లోనైనా రాసుకోవాలి. జీఎస్టీ ఉంటే 18 శాతం అందులో కలిసిందా, వేరుగానా అన్నదీ రాయాలి. చెల్లింపు బ్యాంకు ద్వారానే చేసి రసీదు తీసుకోవాలి, ఎందుకంటే అమ్మకం లాభం మీద ఆదాయపన్ను లెక్కకట్టేటప్పుడు దలాలీని ఖర్చుగా తీసివేయవచ్చు. టోకెన్ అందిన రోజే మొత్తం ఇమ్మంటే వద్దనండి. కొంత సాటాఖత్ (అమ్మకపు ఒప్పందం) అయ్యాక, మిగిలింది దస్తావేజు రిజిస్టరై డబ్బు మన ఖాతాలో పడ్డాక ఇద్దామని మొదటి రోజే చెప్పండి. ఆ రోజు వచ్చాక మాత్రం అతను రెండోసారి అడిగే దాకా ఉంచవద్దు.