ఒకే త్రాసున మూడు గ్రంథములు

ప్రశ్న: ఇటీవల ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’, ‘ప్రజల మనిషి’, ‘జైలు లోపల’ చదివితిని. చరిత్ర ముగ్ధుని గావించినది. నవల నీరసముగా తోచినది. నా అభిప్రాయము దోషమా?
– ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: దోషము కాదు, చదివినవాడు తనకు తోచినది నిర్భయముగా చెప్పవలసినదే. కాని మూడింటిని ఒకే త్రాసున తూచితిరి. పాలమూరు సీమకు చెందిన సురవరం ప్రతాపరెడ్డిగారు రాజుల యుద్ధములను ప్రక్కకు నెట్టి, కావ్యములనుండియు శతకములనుండియు సామెతలనుండియు పూర్వుల తిండిని, బట్టను, ఆటపాటలను ఏరికూర్చి 1949లో వెలువరించిన ఆ చరిత్రకు, 1955లో తెలుగున తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. అందుకొనుటకు ఆయన లేరు, 1953లోనే కన్నుమూసిరి. అట్టి గ్రంథము ముగ్ధుని చేయకున్ననే వింత!

మీ జిల్లావాడే, దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించిన వట్టికోట ఆళ్వారుస్వామిగారి నవల ‘ప్రజల మనిషి’లో కథాశిల్పము కొంత సడలినదని నేనును అంగీకరింతును. అయినను దొర పెత్తనము క్రింద క్రుంగిన పల్లెలో కంఠీరవుని వంటి సామాన్యుడు తలయెత్తి నిలుచుట చదువునపుడు నాకు ఆ లోపము స్వల్పమే. ‘జైలు లోపల’ను గూర్చి మీరేమియు వ్రాయలేదు, స్వయముగా చెరసాల ననుభవించిన ఆళ్వారుస్వామిగారే ఖైదీలను మనుష్యులుగా చూపిన ఆ కథలే, నా తీర్పున, ఆయన రచనలలో మిన్న.

ఇంటిలోని వృద్ధులను వెట్టిచాకిరిని గూర్చి అడిగి, పిమ్మట ఆ నవలను మరల చదువుడు. అప్పటి అభిప్రాయమును నాకు తప్పక వ్రాయుడు.