ప్రశ్నలు - జవాబులు: ఇల్లు మారిన ఫైళ్ళు

ప్రశ్న: మాది మిర్చి, పత్తి కొనుగోళ్ళ వ్యాపారం. నేను లెక్కలు చూస్తాను. ఆరు కొనుగోలు కేంద్రాలకు ఆరు ఎక్సెల్ ఫైళ్ళు, వాటన్నిటి నుంచి అంకెలు లాక్కుని నెలవారీ స్టేట్‌మెంట్ ఇచ్చే మాస్టర్ ఫైలు ఒకటి ఉన్నాయి. పోయిన ఆదివారం పాత సర్వర్ తీసేసి కొత్తది పెట్టారు. సోమవారం మాస్టర్ తెరిస్తే లింకులు అప్‌డేట్ కావడం లేదని మెసేజ్ వచ్చింది. వద్దని నొక్కితే అంకెలన్నీ మామూలుగానే కనిపించాయి. ఇలాగే పని చేసుకుపోవచ్చా? రెండు వేల దాకా ఫార్ములాలున్నాయి. ఒక్కొక్కటీ మార్చుకుంటూ పోతే నెలాఖరు దాటిపోతుంది.
- ఒక అకౌంటెంట్, గుంటూరు

జవాబు: వద్దండీ, ఇలాగే పని చేసుకుపోవద్దు. మీకు కనిపిస్తున్నవి ఈ రోజు అంకెలు కావు. లింకు ఉన్న చోట ఎక్సెల్ రెండు సంగతులు దాచుకుంటుంది: అంకె ఎక్కడినుంచి తేవాలో ఆ అడ్రసు, చివరిసారి అక్కడినుంచి తెచ్చిన అంకె. అడ్రసులో ఎవరూ లేకపోయినా పాత అంకె చెక్కుచెదరకుండా కనిపిస్తూనే ఉంటుంది. ఎర్రర్ వస్తే మనం ఆగి చూస్తాం. నిన్నటి అంకె మాత్రం ఇవాళ్టి అంకెలాగే ఉంటుంది. నేను పనిచేసిన ఒక ఆఫీసులో సర్వర్ మార్చాక మూడు వారాల పాటు పాత స్టాకు లెక్క మీదే సంతకాలు జరిగిపోయాయి. లెక్కలో అంకె కదలని సరుకు ఒకటి అనుకోకుండా అయిపోయినప్పుడు గానీ బయటపడలేదు. అందుకే, ఇది సరయ్యేదాకా మాస్టర్ నుంచి ఏ కాగితమూ బయటికి పంపకండి.

ఇక పని విషయానికొస్తే, అది మీరు భయపడుతున్నంత లేదు. మార్చాల్సినవి రెండు వేల ఫార్ములాలు కావు, ఆరు అడ్రసులు.

ముందు మాస్టర్ ఫైలుకు ఒక కాపీ తీసి పక్కన పెట్టండి. షీట్లకు పాస్‌వర్డ్ రక్షణ ఉంటే తీసేయండి, అది ఉంటే మార్పు పడదు. తర్వాత డేటా ట్యాబ్‌లో ఎడిట్ లింక్స్ నొక్కండి. కొత్త మైక్రోసాఫ్ట్ 365లో దాని పేరు వర్క్‌బుక్ లింక్స్. మాస్టర్ ఆధారపడిన ఆరు ఫైళ్ళూ అక్కడ వరుసగా కనిపిస్తాయి. ఒకదాన్ని ఎంచుకుని చేంజ్ సోర్స్ నొక్కి, కొత్త సర్వర్‌లో అదే కేంద్రం ఫైలును చూపించండి. ఆ ఫైలు వైపు చూసే ఫార్ములాలన్నీ ఒక్కసారిగా మారిపోతాయి. మిగతా ఐదింటికీ అంతే.

చూపించేటప్పుడు జడ్ డ్రైవ్, వై డ్రైవ్ లాంటి అక్షరం గుండా వెళ్ళకండి. నెట్‌వర్క్‌లో సర్వర్ పేరు గుండా వెళ్ళండి. మూల ఫైలును ఏ దారిన తెరిచామో ఎక్సెల్ ఆ దారినే రాసుకుంటుంది. మీ కంప్యూటర్‌లో జడ్ అయినది పక్క సీటు వారి దగ్గర ఇంకో ఫోల్డర్ కావచ్చు. ఇంకొకటి: కొత్త ఫైలులో షీటు పేరు మారి ఉంటే ఏ షీటు అని ఎక్సెల్ అడుగుతుంది. తొందరలో మొదటిది నొక్కారో, మిర్చి లెక్క పత్తి ఖాతాలో పడుతుంది.

కంట్రోల్ హెచ్ నొక్కి పాత సర్వర్ పేరు తీసి కొత్త పేరు పెట్టేయమని మీకు ఎవరైనా చెప్పవచ్చు. పనిచేస్తుంది. అయితే కొత్త పేరులో ఒక్క అక్షరం తప్పినా, ఫైలు ఎక్కడుందో చూపించమని సెల్ సెల్‌కీ పెట్టె తెరుచుకుంటుంది. రెండు వేల సెల్స్‌కు దాన్ని మూసుకుంటూ కూర్చోవడం నరకం. ఆరు ఫైళ్ళకు ఆ దారి అక్కర్లేదు. అరవై ఫైళ్ళుంటే మాత్రం, లింక్‌సోర్సెస్, చేంజ్‌లింక్ అనే ఆదేశాలతో చిన్న మాక్రో రాసిపెట్టమని తెలిసినవారిని అడగండి.

అన్నీ అయ్యాక చెక్ స్టేటస్ నొక్కితే ఆరింటికీ ఓకే రావాలి. అంతటితో ఆగకండి. ఓకే అంటే ఫైలు దొరికిందని మాత్రమే, అది సరైన ఫైలని కాదు. పోయిన నెల సంతకమైన స్టేట్‌మెంట్ ప్రింటు తీసి మాస్టర్‌లోని పోయిన నెల మొత్తాలతో కేంద్రం వారీగా పోల్చండి. ముగిసిన నెల అంకె కదలకూడదు. కదిలిందంటే ఎక్కడో ఒక లింకు వేరే ఫైలుకు తగులుకున్నట్టే.

ప్రశ్న: సర్వర్ మారాక లింకులు ఎలా సరిచేయాలో తెలియక బ్రేక్ లింక్ నొక్కాను. మెసేజ్ రావడం ఆగింది. ఈ నెల అంకెలు ఎందుకు మారలేదని మా సార్ అడుగుతున్నారు. వెనక్కి తేవచ్చా?
- ఒక ఉద్యోగిని, కరీంనగర్

జవాబు: బ్రేక్ లింక్ అంటే ఫార్ములా తీసేసి దాని చోట ఉత్త అంకెను ఉంచడం. అన్‌డూ దాన్ని వెనక్కి తేలేదు. ఫైలు ఇంకా సేవ్ చేయకపోతే, చేయకుండా మూసేయండి, గండం గడిచినట్టే. సేవ్ చేసి ఉంటే పాత కాపీ వెతకాలి. ఫైలు మీద కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో ప్రీవియస్ వెర్షన్స్ చూడండి. సర్వర్‌లో ఆ ఏర్పాటు పెట్టి ఉంటే నిన్నటి, మొన్నటి కాపీలు అక్కడుంటాయి. వన్‌డ్రైవ్‌లో అయితే వెర్షన్ హిస్టరీ. పాత సర్వర్ డిస్కును ఇప్పుడే చెరపవద్దని ఐటీ వాళ్ళకు ఫోన్ చేయండి, ఈ జవాబు చదవడం ముగించే లోపే.

ఏదీ దొరక్కపోతే మీ మెయిల్లో పంపినవి చూడండి. పోయిన నెల స్టేట్‌మెంట్‌ను పీడీఎఫ్‌గా కాక ఎక్సెల్‌గా పంపి ఉంటే ఫార్ములాలన్నీ అందులో ఉంటాయి. దాన్ని మెయిల్లోనే తెరిచి పని మొదలుపెట్టకండి. ముందు సరైన ఫోల్డర్‌లోకి దించుకుని అక్కడ తెరవండి. తాత్కాలిక ఫోల్డర్ నుంచి తెరిచి సేవ్ చేస్తే లింకుల అడ్రసులు ఆ ఫోల్డర్ వైపు తిరిగిపోయే ప్రమాదం ఉంది.

మీ సార్‌కు ఈ రోజే చెప్పేయండి. ఆయన చేతిలో ఉన్నది పాత అంకె అని ఆయనకు తెలియాలి. ఈ మెసేజ్ చూసి కంగారులో ఆ బటన్ నొక్కినవారు మీరొక్కరే కాదు, సిగ్గుపడకండి.

ప్రశ్న: అన్ని లింకులూ మార్చాను, ఓకే వచ్చింది. అయినా తెరిచిన ప్రతిసారీ పాత సర్వర్ పేరుతోనే మెసేజ్ వస్తోంది.
- ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: లింకులు సెల్స్‌లోనే ఉండాలని లేదు. కంట్రోల్ ఎఫ్ 3 నొక్కి నేమ్ మేనేజర్‌లో పాత సర్వర్ పేరున్న వరసలు చూడండి, ఎక్కువసార్లు దొంగ అక్కడే దొరుకుతాడు. తర్వాత చార్టులు, కండిషనల్ ఫార్మాటింగ్, డ్రాప్‌డౌన్ జాబితాలు, బటన్లకు కట్టిన మాక్రోలు. పవర్ క్వెరీతో తెచ్చుకున్న డేటా ఎడిట్ లింక్స్‌లో కనిపించదు, దానికి డేటా సోర్స్ సెట్టింగ్స్‌లో విడిగా మార్చాలి.

ప్రశ్న: వచ్చే నెల మా కంపెనీ ఫైల్ సర్వర్ మార్చే పని నామీద పడింది. అకౌంట్స్ వాళ్ళు ఇప్పటినుంచే భయపెడుతున్నారు.
- ఒక సిస్టమ్ అడ్మిన్, హైదరాబాద్

జవాబు: వాళ్ళ భయం సరైనదే, వాళ్ళ మాట వినండి. ఫైళ్ళు కదలకముందే కంపెనీ డొమైన్ పేరుతో డీఎఫ్ఎస్ నేమ్‌స్పేస్ ఒకటి కట్టి, లింకులను ఒక్కసారి దాని గుండా మార్పించండి. అప్పుడు అడ్రసులో యంత్రం పేరు ఉండదు, కంపెనీ పేరు ఉంటుంది. వెనక యంత్రం ఎన్నిసార్లు మారినా ఫార్ములాకు పట్టదు. ఈసారికి అది కుదరకపోతే పాత సర్వర్ పేరును కొత్తదానికి మారుపేరుగా ఇవ్వండి, షేర్ పేరు కూడా పాతదే ఉంచండి.

ఫోల్డర్ల అమరికను సర్దాలనే కోరిక ఇలాంటప్పుడే పుడుతుంది. ఆ పని ఇప్పుడు పెట్టుకోకండి. ఒకే ఫోల్డర్‌లో ఉన్న మాస్టర్, దాని మూల ఫైళ్ళు కలిసి కదిలితే వాటి మధ్య లింకులు మామూలుగా నిలుస్తాయి, విడదీస్తే తెగుతాయి. అమరిక లోతు పెరగకుండా కూడా చూసుకోండి. ఫైలు పేరుతో కలిపి పాత్ 218 అక్షరాలు దాటితే ఎక్సెల్ తెరవనంటుంది.

మారుపేరు దారి కాక కొత్త పేరుతోనే వెళ్తున్నట్టయితే, జాగ్రత్త కోసమని పాత సర్వర్‌ను ఆన్‌లోనే వదిలేయకండి. అది ఉన్నంతకాలం మాస్టర్ ఫైళ్ళు ఏ ఎర్రరూ లేకుండా పాత ఫైళ్ళ నుంచే అంకెలు తెచ్చుకుంటూ ఉంటాయి, కేంద్రాల వాళ్ళేమో కొత్త సర్వర్‌లో నింపుతుంటారు. డేటాను ఉంచండి, షేర్‌ను మాత్రం మార్చిన రోజే తీసేయండి. సోమవారం ఉదయం మీ ఫోన్ మోగనివ్వండి.