మూలం ఎవరు రాశారు?

వికీపీడియా వ్యాసంలో వాక్యం చివర చిన్న అంకె కనబడితే చాలు, మనం నమ్మేస్తాం. ఆ అంకె నొక్కి మూలం చూడటం మన పిల్లలకు నేర్పాలి. ఐఎండీబీ వంటి చోట్ల వివరాలు చాలావరకు వాడుకరులు పంపినవే. సొంత బ్లాగుకు సరిచూసే సంపాదకుడు ఉండడు. అలాంటి మూలం పక్కన 'మెరుగైన మూలం కావాలి' అని ఎవరైనా గుర్తు పెట్టవచ్చు. నమ్మకమైన పుస్తకం దొరికితే మార్చవచ్చు.

బతికున్న మనిషిపై నింద అయితే గుర్తుతో ఆగకూడదు, వెంటనే తీసేయాలి. 2005లో అమెరికా పాత్రికేయుడు జాన్ సీగెంథాలర్‌కు కెన్నెడీ సోదరుల హత్యలతో సంబంధం అంటగట్టిన అబద్ధం, ఏ మూలమూ లేకుండానే, అక్కడ దాదాపు నాలుగు నెలలు నిలిచింది. 'ఇది ఎవరు రాశారు?' అని మనం అడగడం ఒకరి పరువు కాపాడటమే.