ఐవా అనే ముందు

పోయిన శుక్రవారం రియాద్‌లో, బత్హా వెనక సందులో ఒక యెమెనీ హోటల్లో భోంచేస్తున్నాను. పక్కన నేల మీద పరిచిన సుఫ్రా దగ్గర మన పిల్లలు నలుగురు కూర్చున్నారు. మాట వింటే కోరుట్ల, మెట్‌పల్లి వైపు వాళ్ళు. వచ్చి నెల కూడా అయినట్టు లేదు. సర్వరు వచ్చి గడగడా ఏదో అడిగాడు. నలుగురిలో హుషారైనవాడు తలాడిస్తూ "ఐవా, ఐవా" అన్నాడు. అరబీలో ఐవా అంటే అవును. నా చేతిలో ముద్ద చేతిలోనే ఆగింది. లేచి వెళ్ళి "ఏం తెప్పించినవ్ తమ్మీ?" అన్నాను. "మటనే కదన్నా" అన్నాడు. కాదు. పొయ్యి దాకా పోయి నేనే మార్పించి వచ్చాను. ఈ ముసలాయనకెందుకు అన్నట్టు చూశాడు వాడు. చూడనీ. 2011లో నాకు అలా అడ్డం వచ్చినవాడు లేడు.

ఈ హోటళ్ళకు కొత్తగా వచ్చేవాళ్ళకు తేలికవి ముందే చెప్పేస్తాను. చెప్పులు విప్పి కింద కూర్చోవడం, కుడిచేత్తో కలుపుకొని తినడం మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. పళ్ళెం అందరికీ ఒకటే, మీ ముందున్నది మీరు తినండి. బిల్లులో 15 శాతం పన్ను ఉంటుంది. ఆడవాళ్ళతో వెళ్తే తెరలున్న గది అడగండి. కుటుంబాలకు వేరు ద్వారాలుండాలన్న నిబంధన 2019 డిసెంబరులో పోయింది గానీ గదులు చాలాచోట్ల అలాగే ఉన్నాయి. ముందుగా గిన్నెలో వచ్చేది చారు లాంటి మరగ్, మాంసం ఉడికిన నీళ్ళు. నిమ్మకాయ పిండుకొని తాగేయండి. అన్నంలో పోసుకున్నవాడిని చూశాను. వాడెవడో చెప్పను.

'నఫర్' అంటే మనిషి. ఒక నఫర్ అంటే ఒకరికి సరిపడా అన్నం, మాంసం. ఆ ఒకరు వాళ్ళ లెక్కలో ఒకరు. మన కడుపులకు నలుగురికి మూడు నఫర్లు చాలు, మిగిలితే పార్సిల్ కట్టించుకోండి. అంత అన్నం అక్కడే వదిలేసి లేచేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

మందీని బిర్యానీతో పోల్చి ముఖం చిట్లించకండి. "కారమేదన్నా" అంటూ జేబులోంచి పచ్చడి పొట్లం తీసే పెద్దమనుషులారా, మీకే చెప్తున్నాను. మందీ యెమెన్‌లోని హద్రమౌత్ వంట. నేలలో తవ్విన గుంత పొయ్యి అడుగున నిప్పులు, పైన బియ్యం గిన్నె, దానిపైన మాంసం. మూత చుట్టూ మట్టి మెత్తి గంటల తరబడి వదిలేస్తారు. కొవ్వు బొట్టుబొట్టుగా అన్నం మీద పడుతుంది. అరబీలో 'నదా' అంటే మంచు, తెల్లవారి గడ్డి మీద ఉండే తడి. ఆ మాటలోంచే మందీ వచ్చిందంటారు. ఆ తడే దాని రుచి. కారం కావాలంటే సహావిక్ అడగండి. పచ్చిమిర్చి, టమాటా, వెల్లుల్లి, కొత్తిమీర నూరి ఇస్తారు. మొదటిసారి నాలుక మీద పెట్టుకున్నప్పుడు మా ఇంటి రోలు గుర్తొచ్చింది, నిజంగా. మద్బీ అంటే కాలిన రాళ్ళ మీద వేయించింది. జుర్బియాన్ ఏడెన్ వంట, అది మాత్రం మన బిర్యానీకి చుట్టమే. 1937 దాకా ఏడెన్ బ్రిటిష్ ఇండియాలో భాగం మరి. సల్తా అయితే రాతిచట్టిలో కుతకుతలాడుతూ వస్తుంది, పైన మెంతుల నురుగు. రొట్టెతో తినాలి.

నాకొక సిగ్గు ఉంది. ఇవన్నీ నేను రియాద్ వచ్చాకే తెలుసుకున్నాను. హైదరాబాద్‌లో మూడేళ్ళున్నాను. బార్కస్ జామకాయలు కిలోలు కిలోలు తిన్నాను. ఆ బార్కస్ అనే పేరే బ్యారక్స్ అనే మాటలోంచి వచ్చిందనీ, నిజాం సైన్యంలో పనిచేయడానికి హద్రమౌత్ నుంచి వచ్చినవాళ్ళ వారసులు అక్కడున్నారనీ, వాళ్ళ ఇళ్ళలో మందీ ఎప్పట్నుంచో ఉందనీ ఎవరినీ అడగలేదు. అడగకపోవడమే నా జబ్బు.

ఇక అసలు సంగతి. 'లహమ్' అంటే మాంసం. అంతే. మటన్ కాదు. గొర్రె అయితే గనమ్, మేకపోతు అయితే తైస్, ఆవూ ఎద్దూ అయితే బగర్, దూడ అయితే ఇజిల్, లేత ఒంటె అయితే హాషీ, కోడి అయితే దజాజ్. ఈ ఆరు మాటలు ఇకామా, అంటే ఇక్కడి నివాస కార్డు, చేతికి రాకముందే నేర్చుకోండి.

2011లో మా రూములో అందరికన్నా పెద్దాయన్ని మామా అనేవాళ్ళం. వేములవాడ రాజన్న భక్తుడు, సోమవారం ముక్క ముట్టడు. పదిహేడేళ్ళుగా గల్ఫ్‌లో ఉన్నా బయట తినేవాడు కాదు, తన వంట తనదే. నా మొదటి జీతం వచ్చిన వారం పట్టుబట్టి తీసుకెళ్ళాను. "ఏం మాంసమో ఏమోరా" అన్నాడు. "నేనడిగి తెప్పిస్త మామా, నాకు అరబీ అచ్చు" అన్నాను. నాకు వచ్చిన అరబీ ఐవా, లా (కాదు), షుక్రన్ (థాంక్స్). సర్వరు రెండు మాటలు చెప్పి ఏది కావాలన్నాడు. మొదటిది అర్థం కాలేదు, రెండోదీ అర్థం కాలేదు. ఐవా అన్నాను. వేలు చూపించి మళ్ళీ అడిగాడు. ఇంకా గట్టిగా ఐవా అన్నాను. పాపం, వాడి తప్పు రవ్వంత లేదు.

పళ్ళెం వచ్చింది. ముక్కలు పెద్దవి, పీచు పొడుగ్గా ఉంది. ముసలి పొట్టేలు అనుకున్నాను. మామ నాలుగు ముద్దలు తిని బాగుందన్నాడు కూడా. అంతలో పక్కన కూర్చున్న హైదరాబాదీ ఒకాయన మా పళ్ళెం చూసి, ఇక్కడ హాషీ మెత్తగా ఉంటుందా భాయ్ అని ఉర్దూలో అడిగాడు. నాకు ఆ మాట తెలియదు. పదిహేడేళ్ళున్న మామకు తెలుసు. చేతిలో ముద్ద పళ్ళెంలో పెట్టి, లేచి చేయి కడుక్కొని, బయట ఫుట్‌పాత్ మీద కూర్చున్నాడు.

ఒంటె మాంసంలో తప్పు లేదు. అరబ్బులు ప్రేమగా తింటారు, తర్వాత నేనూ తిన్నాను. తెలిసి తినడం వేరు, నమ్మి వచ్చినవాడికి తెలియకుండా తినిపించడం వేరు. మామ తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది. తిట్టలేదు. మర్నాడు పప్పు వండి నా పళ్ళెంలో కూడా వేశాడు. రెండు వారాలు పప్పు పెట్టాడు, మాట మాత్రం లేదు.

బుద్ధి వచ్చిందా? లేదు. ఆ మరుసటి ఏడు మా ఆఫీసులో అరబీ కాగితం ముందు పెట్టి ఏదో అడిగారు. తలాడించి సంతకం పెట్టాను. నా సెలవు ఆరు నెలలు వెనక్కి పోయిందని తర్వాత తెలిసింది. చెల్లెలి పెళ్ళి ఫోన్లో చూశాను.

మన ఇళ్ళలో తలాడించడానికి ఖర్చు లేదు. అమ్మ ఇంకొంచెం వెయ్యనా అంటే ఊఁ అన్నా వేస్తుంది, వద్దని విస్తరి మీద చేయి అడ్డం పెట్టినా వేళ్ళ సందులోంచి వేస్తుంది. ఏం వండిందో అడగాల్సిన అవసరం ఏనాడూ రాలేదు. ఆ అలవాటుతోనే విమానం ఎక్కేస్తాం. ఇక్కడ మన ఊఁని ఊఁగానే తీసుకుంటారు.

కాబట్టి అడగండి. సర్వరు ఏం చెప్పినా ముందు "హాదా గనమ్?" అనండి. అర్థం కాకపోతే హిందీలో అడగండి. ఆ హోటళ్ళలో పనిచేసేవాళ్ళలో మలయాళీలూ బంగ్లాదేశీలూ బోలెడుమంది, చక్కగా చెప్తారు. అరబీ రాదని తెలిసిపోతుందన్న నామోషీ వదిలేయండి, మీకు రాదని వాళ్ళకు ఎలాగూ తెలుసు. ఆవు మాంసం తినని వాళ్ళు సల్తా, అలాగే చట్టిలో వచ్చే ఫహ్సా తెప్పించేటప్పుడు మరీ అడగాలి, చట్టిలో ఉడికాక ఏ ముక్కో కంటికి తెలియదు. మళ్ళీ చెప్తున్నాను, అర్థం కానిదానికి ఐవా అనకండి. హోటల్లోనూ అనకండి, ఆఫీసులోనూ అనకండి.

మామ ఊళ్ళోనే ఉంటున్నాడిప్పుడు. పోయిన సెలవులో కరీంనగర్‌లో మందీ హోటలుకు తీసుకుపోతానంటే వచ్చాడు. నన్ను అడగనివ్వలేదు, తనే అడిగాడు.

శుక్రవారం జుమ్మా అయ్యాక జనం ఒక్కసారిగా పడతారు. గొర్రె మాంసం ముందు అయిపోతుంది, మూడు దాటితే కోడే గతి. తొందరగా వెళ్ళండి.