పాత సైకిళ్ల అన్వేషణము

పాత యినుము కొనువాని కొట్టుముందు నిలిచి లోనికి చూచినచో, తరచుగా మన కంటబడునది తుప్పుపట్టిన సైకిలు. చక్రములు వంకరపోయి, గొలుసు వ్రేలాడుచు, సీటుండవలసిన చోట బోడి స్ప్రింగులు మాత్రము మిగిలి, అది గోడకానుకొని యుండును. కొట్టువాడు దానిని తూకమున కొన్నాడు, తూకముననే అమ్మును. కొన్నాళ్లకది కొలిమిలో కరగి ఏ మేడకప్పులోనో ఇనుపచువ్వగా మారిపోవును. ఆ సైకిలు ఒకప్పుడొక తపాలా బంట్రోతును ముప్పదియేండ్లు మోసియుండవచ్చును. ఒక బడిపంతులు నెలనెలా కూడబెట్టిన సొమ్ముతో కొన్నదై యుండవచ్చును. దాని విలువ నెఱిగినవాడు సకాలమున వచ్చెనా, అది మరల బాట పట్టును. అట్టి సైకిలు నెట్లు గుర్తింపవలెనో, ఎంత వెల యీయవచ్చునో, విడిభాగములెట్లు సమకూర్చుకొనవలెనో తెలిసికొందము.

నేటి సైకిలు రూపము 1885లో ఏర్పడినది. ఇంగ్లండులోని కోవెంట్రీ పట్టణమున జాన్ కెంప్ స్టార్లీ అనునతడు రెండు చక్రములును ఇంచుమించు సమానముగా నుండి, గొలుసుచే వెనుకచక్రము తిరుగు 'రోవర్' సైకిలును వెలువరించెను. మూడేండ్లకు, అనగా 1888లో, బెల్‌ఫాస్టు నగరమున జాన్ బాయిడ్ డన్‌లప్ సైకిలునకు గాలిటైరు నమర్చెను. మనదేశమునకు చిరకాలము ఇంగ్లండునుండియే సైకిళ్లు దిగుమతి యగుచుండెను. రాలీ, హంబర్, రడ్జి, బి.ఎస్.ఎ., ఫిలిప్స్, హెర్క్యులస్ అను పేర్లు మన తాతలకు కంఠపాఠములు. స్వాతంత్ర్యానంతరము మద్రాసు చెంత అంబత్తూరున టి.ఐ. సంస్థ, ఆసన్‌సోల్‌లో సేన్-రాలీ, 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లూథియానాలో హీరో సంస్థలు తలయెత్తినవి. వీనిలో కొన్ని మూతపడినవి. నాటింగ్‌హాములోని రాలీ కర్మాగారమున సైకిళ్ల తయారీ 2002లో నిలిచిపోయెను. సాహిబాబాదులోని అట్లాస్ కర్మాగారము 2020లో మూయబడెను. అయినను మన దేశమున తయారైన నల్ల సైకిలు ఇంగ్లండు సైకిలు కొలతలనే అనుసరించినది. ఇది మనకొక భాగ్యము. ఏలయన, ఆ కొలతల టైర్లు, బ్రేకు రబ్బర్లు, కాటరు పిన్నులు, బేరింగు గుండ్లు మన యంగళ్లలో నేటికిని చౌకగా దొరకును. ఇంగ్లండులో పాత సైకిళ్లను బాగుచేయువారు సయితము 28 × 1½ టైరు కొఱకు భారతదేశపు సరకును వాడుచున్నారు!

వెదుకుట ఎక్కడ? హైదరాబాదులో గురువారమునాడు జుమ్మెరాత్ బజారున పాతసామానుల సంత జరుగును. చెన్నైలో పుదుప్పేట పాత వాహనభాగములకు పేరుపడినది. ఢిల్లీలో ఝండేవాలాన్ సైకిళ్ల బజారు కలదు. కాని పేరుపడిన సంతలలో అమ్మువాడును తెలివైనవాడే. పాతకాలపు వస్తువన్నచో వెల పెంచును. నన్నడిగినచో, మన చిన్నపట్టణములే మేలైన చోట్లు. ఒకప్పుడు ప్రతి వీథిలోను గంటకింత యని సైకిళ్లు అద్దెకిచ్చు దుకాణము లుండెడివి. అవి మూతపడినను, వాని వెనుకగదులలో ఫ్రేములు, చక్రములు నేటికిని పడియుండును. వయసుమళ్లిన మెకానిక్కుల కడ పాత డబ్బాలు పదిపండ్రెండైన నుండును. ఒకదానిలో కోనులు, ఒకదానిలో నిప్పిళ్లు, ఇంకొకదానిలో ఏదో కలిసిపోయిన చిల్లర సామాను. ఆ కలిసిపోయిన డబ్బాయే మనకు నిధి. దానిని బోర్లించి వెదుకుటకు అనుమతి దొరకవలెనన్నచో, వెళ్లినవెంటనే వెల యడుగరాదు. ముందు ఆయన పనిని కొంతసేపు చూచి, మాట కలుపవలెను.

సైకిలు కంటబడినపుడు మొదట దాని గుర్తుల నరయవలెను. రాలీకి తలగొట్టముపై కొంగ బొమ్మ యుండును. రడ్జికి అరచేయి, బి.ఎస్.ఎ.కు నిలువుగా చేర్చిన మూడు తుపాకులు గుర్తులు. ఆ సంస్థ పుట్టినది తుపాకుల తయారీకే. హంబరు పెద్ద పళ్లచక్రములో మనుష్యాకృతులు కానవచ్చును. దాని మేలురకపు సైకిళ్ల ముందుఫోర్కునకు ఒక్కొక్క ప్రక్క రెండేసి గొట్టము లుండును. రంగు పోయినను ఈ లోహపు గుర్తులు పోవు. మూడుగేర్ల స్టర్మీ-ఆర్చర్ హబ్బు లనేకములపై తయారైన సంవత్సరమును, నెలను తెలుపు అంకెలు గ్రుద్దబడి యుండును. అయితే చక్రము మార్చుట సులభము గనుక హబ్బు చెప్పు సంవత్సరము హబ్బుదే గాని సైకిలుది కాకపోవచ్చును. దానిని ఒక్క సాక్షిగానే గ్రహింపవలెను. పూర్వము పురపాలక సంఘములు సైకిలునకు ఏటేట పన్ను గైకొని చిన్న లోహపు బిళ్ల నిచ్చుచుండెడివి. అట్టి బిళ్ల యింకను బిగింపబడి యున్నచో ఊరిపేరు, సంవత్సరము తెలియును. అమ్మువాడు దానిని పీకి పారవేయకుండ చూడుడు.

పిమ్మట ఫ్రేమును పరీక్షింపవలెను. తుప్పును చూచి భయపడనక్కరలేదు. వంకరను చూచి భయపడవలెను. తలగొట్టమునకు వెనుక, క్రిందివైపున వ్రేలితో తడిమి చూడుడు. అక్కడ లోహము ముడుతపడియున్నను, రంగు పగిలి యుబ్బియున్నను, ఆ సైకిలు దేనికో ఎదురుగా గ్రుద్దుకొన్నదని అర్థము. వెనుకభాగము తిన్నగా నున్నదో లేదో తెలిసికొనుటకు నూలుదారము చాలును. వెనుకచక్రపు ఇరుసు కూర్చుండు చీలికలలో ఒకదానికి దారము కట్టి, తలగొట్టమును చుట్టి, రెండవ చీలికకు బిగియగట్టుడు. దారమునకును సీటుక్రింది గొట్టమునకును గల యెడము రెండుప్రక్కల సమానముగా నుండవలెను. ఎక్కువ తేడా యున్నచో ఆ ఫ్రేమును విడిచిపెట్టుట మంచిది. సీటుగొట్టము, హ్యాండిల్ కాడ కదలుచున్నవా యని కూడ చూడుడు. అవి లోపల తుప్పుచే బిగిసిపోయినచో ఊడదీయుటకు వారములు పట్టవచ్చును.

ఇక వెల మాట. బేరమాడుటకు ముందు కాగితము తీసి లెక్క వేయవలెను. పాత నల్ల సైకిలు సుమారు ఇరువది కిలోల బరువుండును. మీ యూరిలో పాత యినుము కిలో ధర నిరువదిచే హెచ్చించినచో కొట్టువానికి రావలసిన కనీసపు వెల తెలియును. అంతకు తక్కువకు వాడీయడు, అడుగుట వ్యర్థము. తరువాత టైర్లు రెండు, ట్యూబులు రెండు, గొలుసు, బ్రేకు రబ్బర్లు, గుండ్లు, విరిగిన చువ్వలు – వీని వెలలు ప్రక్కన వ్రాయుడు. ఈ మొత్తము సైకిలు వెలకంటె మించుట కద్దు. అప్పుడుగాని చౌక ఏదో, ప్రియమేదో తేలదు. నా యభిప్రాయమున, పూర్తిగా తుప్పుపట్టినను అన్ని భాగములును గల సైకిలు, మెఱయుచు నాలుగు భాగములు లేని సైకిలుకంటె చౌక. టైరు అంగడిలో దొరకును. అసలు గంట, తలగొట్టపు బిళ్ల, గొలుసుపెట్టె, మడ్గార్డు కొననుండు చిన్న అలంకారము అంగడిలో దొరకవు. వాని కొఱకు ఏండ్లు తిరుగవలసియుండును.

బేరము విషయమున ఒకటి గట్టిగా చెప్పవలసియున్నది. పాతయినుము కొట్టువాడు వర్తకుడు. వానితో ఎంత బేరమాడినను తప్పులేదు. కాని ఒక యింట భర్త పోయిన వృద్ధురాలు, "అటకమీద సైకిలున్నది, ఏదో యొకటిచ్చి తీసికొని పో నాయనా" యన్నప్పుడు, అది అరుదైన హంబరని మనకు తెలిసి, ఆమెకు తెలియక యున్నచో, పాతయినుము వెల చేతిలో పెట్టి తెచ్చుకొనుట చౌకకొనుగోలు కాదు. అదేమో ఆమెకు చెప్పి, తగిన వెల అడుగనిచ్చి, మనకు శక్తియున్నచో కొనవలెను, లేనిచో విడువవలెను. అట్లే, ఫ్రేముపైనుండు సంఖ్యను ఆకురాయితో అరుగదీసిన సైకిలును తాకనే తాకకుడు. ఆ సంఖ్య సాధారణముగా సీటు క్రింది కూడలికడ గాని పెడళ్ల గొట్టము అడుగున గాని యుండును. దానిని ఎవరో బుద్ధిపూర్వకముగా చెఱిపినారన్నచో కారణ మూహింపవచ్చును. దొంగసొత్తని తెలిసి కొనుట నేరము. అంతకన్న, ఆ సైకిలు పోగొట్టుకొన్నవాడు మీవలెనే బడికి పోవు బాలుడు కావచ్చును.

విడిభాగములు కొనునప్పుడు కొలత తెలియకున్నచో సొమ్ము నీళ్లపాలగును. టైరుపై 26 అని యున్నంత మాత్రమున అన్నియు నొకటి కావు. 26 × 1⅜ టైరు రిమ్ముపై కూర్చుండుచోట అడ్డుకొలత 590 మిల్లీమీటర్లు. పర్వతసైకిళ్లకు వాడు 26 టైరునకది 559 మాత్రమే. ఒకదానిపై నొకటి ఎన్నటికి నెక్కదు. నల్ల సైకిలు 28 × 1½ టైరునకు 635. కావున అంకెలన్నియు వ్రాసికొని పొండు. పాత ఇంగ్లండు సైకిళ్లలో ముందుచక్రమునకు 32, వెనుకచక్రమునకు 40 చువ్వ లుండుట వాడుక. రిమ్మునో హబ్బునో వేరుగా కొనునప్పుడు రంధ్రములు లెక్కింపుడు. రాలీ పద్ధతి యింకను వేరు. పెడళ్ల గొట్టమున బిగించు కప్పులకు తక్కినవారు అంగుళమునకు 24 మరచుట్లు పెట్టగా, రాలీవారు 26 పెట్టిరి. చూపునకు రెండును ఒక్కటే. బలవంతముగా త్రిప్పినచో ఫ్రేములోని మర చెడును. ఫ్రేము చెడినచో సైకిలే పోయినట్లు.

నేను పనిచేసిన పాఠశాలలో ఎనిమిదవ తరగతి బాలు డొకడు రోజును మూడుమైళ్లు నడచి బడికి వచ్చుచుండెను. వాడొకనాడు పాతయినుము కుప్పక్రింద మూడుగేర్ల హబ్బుగల వెనుకచక్రమును చూచెను. అది బిగిసి తిరుగకుండెను. అందుచేత కొట్టువాడు తూకముననే యిచ్చెను. హబ్బుమీద నూనెపోయుటకు చిన్న రంధ్రముండును. బాలుడు పలుచని నూనెను అందులో కొంచెముకొంచెముగా పోసి, ప్రక్కకు వాల్చి యుంచెను. నాల్గవనాటికి చక్రము కదలెను. తుడిచిచూడగా 57, 4 అను అంకెలు బయటపడెను. 1957 ఏప్రిలు! వాని తండ్రి కప్పటి కింకను పుట్టుక లేదు. అయితే గేరుమార్చుటకు ఇరుసులోనికి దూరు సన్నని గొలుసుముక్క లేదు. అది లేక గేర్లు మార్చుట కుదరదు. రెండునెలలు వెదకి, చివరకు మా యూరి వృద్ధమెకానిక్కు డబ్బాలో వాడు దానిని సంపాదించెను. ఆయన వెల పుచ్చుకొనలేదు. "సైకిలు తయారైన తరువాత దానిపై నెక్కి వచ్చి నాకు చూపుము" అనెను. వేరొక సైకిలు ఫ్రేమునకు ఆ చక్రమును తొడిగి, అర్ధసంవత్సర పరీక్షల తరువాత వాడు వెళ్లి చూపెను.

బాగుచేయునప్పుడు తొందర పనికిరాదు. ఊడదీసిన ప్రతి భాగమును ఏ వరుసలో నుండెనో బొమ్మ గీసికొనుడు. కాటరు పిన్నును సుత్తితో నేరుగా కొట్టరాదు. క్రాంకు క్రింద ఇనుపగొట్టపు ముక్కను ఆనించి, నట్టును మరకొనతో సమముగా నుంచి, ఒక్కదెబ్బ గట్టిగా వేయవలెను. ఆనిక లేక వేసిన పదిదెబ్బలు లోని గుండ్లను నలుగగొట్టును. ఎడమపెడలును విప్పుట కుడిపెడలునకు వ్యతిరేకము. అది గడియారపు ముల్లు తిరుగు దిశలో వదులగును. ఈ సంగతి తెలియక ఎందఱో మర తెంచిరి.

క్రోమియపు పూతపై తుప్పును అల్యూమినియపు రేకుకాగితము నీటిలో తడిపి రుద్దినచో చాలవరకు పోవును. పూతలేని యినుమునకు చింతపండు గుజ్జు పట్టించి, కొంతసేపైన పిమ్మట కడిగి, వెంటనే తుడిచి నూనె రాయవలెను. రంగు విషయమున తొందరపడి గీకకుడు. పాతరంగులలో సీసము కలిసియుండుట కద్దు. పొడిగా గీకినచో ఆ ధూళి ఊపిరితో లోనికి పోవును. అదియుగాక, అసలు రంగు, దానిపై బంగారుగీతలు, అక్షరములు ఎంత మాసినను, వానినట్లే యుంచి నూనెగుడ్డతో తుడుచుటయే నాకు నచ్చును. కొందఱు పూర్తిగా క్రొత్తరంగు వేయింతురు. చూచుటకు ముచ్చటగా నుండును గాని, ఆ సైకిలు ఏ యూళ్లు తిరిగినదో చెప్పు గీతలన్నియు దానితో పోవును.

గొలుసును కొలువకుండ మరల వేయరాదు. బిగలాగి పట్టుకొన్నపుడు ఇరువదినాలుగు లంకెల పొడవు సరిగా 12 అంగుళము లుండవలెను. దానిపై ఎనిమిదవవంతు అంగుళము పెరిగినచో అరిగినట్లే. అట్టి గొలుసు పళ్లచక్రమును గూడ తినివేయును. క్రొత్త కాటరు పిన్నులు రెండును ఎదురెదురు దిశల నుండవలెను. ఒకదాని నట్టు పైకున్నచో రెండవదానిది క్రిందికి. అట్లుగాక రెండును ఒకవైపే పెట్టినచో క్రాంకులు ఒకే గీతలో నిలువవు, త్రొక్కునపుడు కాలు తడబడును. చక్రము బెండు తీయుట మాత్రము మొదటిసారి అనుభవజ్ఞుని ప్రక్కన కూర్చుండి నేర్వవలసిన విద్య. పుస్తకమున చదివిన రాదు. అన్నియు బిగించిన తరువాత, రద్దీలేని బాటపై నొకమైలు మెల్లగా త్రొక్కి, దిగి, కాటరు నట్టులను, ఇరుసు నట్టులను, బ్రేకు కడ్డీల మరలను తిరిగి బిగింపుడు. మరునాడు మరల నొకసారి చూడుడు. క్రొత్త పిన్నులు బరువు పడినకొలది లోనికి కూర్చుండి, నట్టులు వదులగుచుండును.