ఐదో నెలలో జలుబు మాత్రలా?

ప్రశ్న: మాది ఆర్మూరు దగ్గర పల్లె. నాకు ఐదో నెల. ఇంటి దగ్గరే పసుపు ఆరబెట్టి పాలిష్ పట్టిస్తున్నాం. ఒకటే తుమ్ములు, ముక్కు కారుతోంది. మెడికల్ షాపులో ఇచ్చే జలుబు మాత్ర వేసుకోవచ్చా?

జవాబు: ముందే అడిగి మంచి పని చేశారమ్మా. ఆ మాత్ర వద్దు. గోళీ ఒకటే అయినా అందులో తరచూ మూడు నాలుగు మందులు కలిసి ఉంటాయి. ముక్కు దిబ్బడకు కలిపే ఫినైలెఫ్రిన్ రక్తనాళాలను కుదిస్తుంది, బీపీ పెరగొచ్చు. చాలావాటిలో పారాసిటమాల్ ఉంటుంది కనుక, జ్వరానికని విడిగా ఇంకోటి వేసుకుంటే మోతాదు మించిపోతుంది. అట్ట వెనక పేర్లు చదవండి. ఐబుప్రొఫెన్ కనిపిస్తే అసలే ముట్టుకోవద్దు. 20 వారాలు దాటాక అది బిడ్డ కిడ్నీలపై ప్రభావం చూపి ఉమ్మనీరు తగ్గించవచ్చు.

జ్వరం లేకుండా తుమ్ములే అయితే దుమ్ము అలర్జీ కావచ్చు. పాలిష్ డ్రమ్ము తిరిగేటప్పుడు అటు వెళ్లకండి, ఆ పని ఇంట్లో మరొకరు చూసుకోవాలి. ముక్కులో సెలైన్ చుక్కలు వేసుకోండి. తగ్గకపోతే సెటిరిజిన్, లొరాటడిన్ వంటివి గర్భిణులకు చాలాకాలంగా ఇస్తున్నారు. ఏది, ఎన్నాళ్లన్నది మీ డాక్టరే చెప్పాలి.

జ్వరం 100.4 డిగ్రీలు దాటినా, తలనొప్పి తీవ్రమైనా, బిడ్డ కదలిక తగ్గినట్టు అనిపించినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. ఆయాసం వస్తే ఆగకుండా 108కి ఫోన్ చేయండి.